ఎర్రకనమలో ఎవరూ చావలేదు

ఎండ ముదరకముందే బళ్లు కదలాలని ఆత్మకూరు కొట్టు ముందు అందరూ తొందరపడుతున్నారు. ఉదయగిరిలో కరువు జనానికి సర్కారు పోసే గంజితొట్లకు పోవలసిన రంగూను బియ్యం అది. మా ఆయన మూటలు సర్ది మోకు బిగిస్తుంటే, నేను పాలుతాగే పిల్లవాణ్ణి చంకనేసుకుని బండి నీడలో నిలబడ్డాను. పురుటికని పుట్టింటికి వచ్చి కరువు మూలాన అక్కడే చిక్కుకుపోయినదాన్ని. ధాత ఏడు పోయి ఈశ్వర ఏడు వచ్చినా చినుకు లేదు. ఇంక ఎన్నాళ్లు కాచుకున్నా ఇంతేనని, ఆయన బండిలోనే ఉదయగిరిలో మా ఇంటికి బయల్దేరాను.

అప్పుడు ఓవర్సీరు అంకారావు తన తట్టువ మీద వచ్చి ఆగాడు. గుర్రం దిగలేదు.

"ఈ పొద్దు నుంచి బొగ్గేరు దారి బందు. బళ్లన్నీ ఎర్రకనమ మీదే పోవాల."

బండివాళ్ల చేతులు ఆగిపోయాయి. ఉదయగిరికి దారులు రెండు. బొగ్గేరు దారి చుట్టుదారి. ఏటి ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి, ఎడ్లు నురగలు కక్కుతాయి, ఇసుకపల్లె చేరేసరికి పొద్దు గుంకుతుంది. ఎర్రకనమ అడ్డదారి. కొండ ఇవతల ఎక్కడం సులువే, అవతల దిగడంలోనే ఉంది కష్టమంతా. ఎర్రటి గులకరాళ్ల వాలు, సగంలో మలుపు, మలుపు పక్కన లోతైన వంక.

"కనమ దిగడమంటే బావిలోకి బండి తోలడమే దొరా," అన్నాడు సుబ్బన్న. మా ఆయనతో కలిసి బండి తోలేవాడు, నాకు అన్న వరస. ఎవరి ముందూ నోరు ఆపుకోలేని మనిషి.

"నీ నోటిమాట మీద దారులు మారుస్తారంట్రా? ఊరూరా మునసబులు నెలనెలా లెక్క పంపుతుండారు. బొగ్గేరు దారిలో చూడబోతే విరిగిన చేతులు, చితికిన వేళ్లు, చావులు. ఎర్రకనమలో ఏముండాది? సున్న. బండి కింద పడి చచ్చినోడు ఒక్కడంటే ఒక్కడు లేడు."

"యాడుంటాడు దొరా? కనమలో పడినోడు లేచి, తువ్వాల దులుపుకొని, దాసరిపల్లె దాకా పోయి ఆడ చస్తాడు. మా బండోళ్లు మర్యాద తెలిసినోళ్లు."

బండివాళ్లు నవ్వారు. ఆ మాటలో ఏముందో నాకు అందలేదు. ఆ నవ్వులో సంతోషం లేదని మాత్రం తెలిసింది.

భయమేస్తే నాకు మాట ఆగదు. "అయ్యా, బొగ్గేరు దారిన రోజూ బళ్లు పోతాయి. కనమ దారిన పోయేదే అరుదు. పోయేవాళ్లు లేకపోతే పడేవాళ్లు ఎట్టా ఉంటారు?" అని అడిగాను.

ఓవర్సీరు నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవర్రా వెంగయ్యా, ఈమె?"

"నా ఇంటిది దొరా. కొన్నాళ్లు మిషను బడికి పోయింది. అందుకని..."

"సగం చదువా? అదే తంటా. పూర్తిగా చదివినోళ్లు నోరు మూసుకుంటారు, అసలు చదవనోళ్లూ మూసుకుంటారు. సగం చదివినోళ్లతోనే చచ్చేది."

పెళ్లి కుదిరిందని మూడో పుస్తకం మధ్యలో నన్ను బడి మాన్పించారు. మిగిలిన సగంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

 కొండ కనబడ్డాక మా ఆయన, "పదిమందిలో నా పరువు తీసినావు," అన్నాడు.

"పరువే గదా తీసింది. ప్రాణం ఆ ఓవర్సీరు తీస్తుండాడు."

"ఎల్లకాలం ఆ అపశకునం మాటలే. పిల్లోడు తుమ్మితే ఏడుస్తావు, నిద్రపోతే ముక్కు కాడ వేలు పెట్టి చూస్తావు. నీతో వేగేదెట్టా?"

నిజమే, చూస్తాను. ఆ యేడు మా పేటలో పిల్లలు నిద్రలోనే పోయారు.

బొగ్గేరు దారి చీలే చోటు దాటగానే, కనమ కొసన బళ్లు ఆపారు. చక్రం తిరగకుండా దాని ఆకుకర్రల మధ్య మోకు దూర్చి కట్టారు. వెనక ఈడ్చుకుంటూ రావడానికి బరువైన మొద్దు తగిలించారు. నేను పిల్లవాడితో దిగిపోయాను.

"దిగినావా, పిరికిదానా," అన్నాడు ఆయన. కొంచెం నవ్వాడు కూడా. మా బండే ముందు.

మలుపు దాకా బాగానే పోయింది. మలుపులో గులకరాళ్ల మీద మొద్దు పక్కకు జారింది. మోకు పటుక్కున తెగింది. ఆగి ఉన్న చక్రం ఒక్కసారిగా తిరిగేసరికి బండి ఎడ్లను తోసుకుంటూ పోయింది. దాపటెద్దు మోకాళ్ల మీద కూలింది. బండి దాని మీదికెక్కి, పక్కకు ఒరిగి, బోర్లపడింది. ఒక చక్రం సగం విరిగి దూరంగా పడింది. ఆయన ఎక్కడా కనబడలేదు.

వాలు ఎట్లా దిగానో తెలియదు. బండివాళ్లంతా కలిసి బండి ఎత్తి పట్టారు. ఆయన మూటల కింద వెల్లకిలా ఉన్నాడు. తొడ ఉండవలసిన తీరున లేదు. నోట్లోంచి నురగతో నెత్తురు వస్తోంది. మొహం మీద చెయ్యి వేస్తే కళ్లు తెరిచాడు. నీడకు జరపబోతే అరిచాడు. ఆ అరుపుతో నెత్తురు ఇంకా ఎక్కువైంది. జరపడం మానుకున్నాం.

అంతలో కనమ కిందున్న కనమపల్లె నుంచి జనం పరుగున వచ్చారు. ఇద్దరు మగవాళ్లు నులకమంచం తలకిందులుగా నెత్తిన పెట్టుకొని వస్తున్నారు. ఎవరూ పిలవకుండానే మంచం తెచ్చారే, ఎంత మంచి జనమో అనుకున్నాను. వాళ్లకు దండం కూడా పెట్టాను.

అందరికంటే ముందు వచ్చినవాడు ఆ ఊరి మునసబు పెంచలనరసయ్య. మా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఊపిరాడతా ఉండాది. బిరాన ఎత్తండ్రా. పోకముందే రాయి దాటించాల."

"ఏ రాయి?" అన్నాను.

 సుబ్బన్న చేత్తో చూపించాడు. పల్లెకు అవతల, దారి పక్కన, సున్నం బొట్లు పెట్టిన పొలిమేర రాయి. దాని వెనక కొందరు మనుషులు అప్పటికే కర్రలు పట్టుకొని నిలబడ్డారు.

"ఆ రాయి అవతల దాసరిపల్లె చెల్లే. పొద్దున నేను ఎగతాళి చేసింది దీన్నే. బండి కింద పడిన మనిషి వీళ్ల నేల మీద పోతే మునసబు పైకి రాయాల. స్టేషనోళ్లు దిగి శవ పంచాయతీ పెడతారు. అది తేలిందాకా వాళ్లకు ఊరే తిండి పెట్టాల. అందుకని ఊపిరి ఉండంగానే ఎత్తి రాయి దాటిస్తారు. దాసరిపల్లెవోళ్లు చాతనైతే తరుముతారు, చాతకాకుంటే జొరమొచ్చి పోయినాడని రాసుకుంటారు. జొరానికి స్టేషనోళ్లు రారు."

ఓవర్సీరు చెప్పిన సున్న ఎట్లా వచ్చిందో అప్పుడు అర్థమైంది. మంచం ఎందుకు అంత తొందరగా వచ్చిందో కూడా. నేను మా ఆయన పక్కన కూలబడి, పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని, చెయ్యి ఆయన మీద అడ్డంగా వేశాను.

"ఎవరూ తాకేదానికి లేదు. కదిలిస్తే పోతాడు."

"పోయేవాడు ఎట్టయినా పోతాడు. ఈడ పోతే నీకేం, ఆడ పోతే నీకేం?" అన్నాడు పెంచలనరసయ్య.

"ఇంకా పోలేదు."

"పోలేదు గనకనే తొందర. లెయ్."

నన్ను పక్కకు లాగి ఇద్దరు ఆయన చంకల కింద చేతులు పెట్టారు. ఆయన అరిచాడు. పిల్లవాడు కెవ్వుమన్నాడు. నేను చేతికి అందిన మణికట్టు పట్టుకుని కొరికాను. వాడు కేకేసి వదిలేశాడు.

"కుక్క! కుక్కలాగా కరిచింది చూడండి!"

"మళ్లీ ముట్టు, మళ్లీ కరుస్తాను."

మగవాళ్లు వెనక్కి తగ్గారు. అప్పుడు మునసబు తల్లి కామమ్మ ముందుకొచ్చింది. ఎముకల గూడు లాంటి ముసలిది, చేతిలో చాట. మూట ఒకటి చినిగి బియ్యం వాలు పొడుగునా చిందింది. ఊరి ఆడవాళ్లంతా అప్పటికే కూర్చుని గులకరాళ్లలోంచి గింజలు చెరుగుతున్నారు. ఒక మనిషి నెత్తురు కక్కుకుంటున్న చోటికి జానెడు దూరంలో.

"ఏమే, చూసేదానికి చీపురుపుల్లలాగా ఉండావు, ఇంత పొగరేందే నీకు? మా ఊళ్లో జనం గంజినీళ్లు లేక పడి ఉండారు. స్టేషనోళ్లకు కోడి యాణ్ణించి తెచ్చేది? నా తొడ కోసి వండేదా?"

"నీ తొడలో ఏముండాదిలే అవ్వా, వాళ్లు తినేదానికి."

ఎవరో కిసుక్కుమన్నారు. కామమ్మ వాళ్లవైపు ఒక చూపు చూసి, మళ్లీ నా మీద పడింది. "నీ మొగుణ్ణి మేము పడేసినామా?"

"మీ వాలు పడేసింది."

"మా వాలా? మేము తవ్వినామా దాన్ని? దేవుడు పెట్టినాడు. పొయ్యి ఆయన మీద రాయించుకో."

మిగతా బళ్లను మనుషులు వెనక మోకులు పట్టుకుని, అంగుళం అంగుళంగా దించారు. ఉదయగిరిలో గంజికి కూర్చున్నవాళ్లున్నారు, బియ్యం ఆగడానికి లేదు. సుబ్బన్న పోతూ పోతూ మా మంచినీళ్ల సొరకాయ బుర్ర ఇచ్చాడు. అప్పటికే సగానికి పైగా ఖాళీ అది. "తిరుగు బండికి వస్తా చెల్లే. అందాకా పట్టు వదలబాక," అన్నాడు. దాసరిపల్లె వాళ్లు రాయి దగ్గర బళ్లను ఆపి, మూటల మధ్య మనిషి ఎవరైనా ఉన్నాడేమోనని వెతికిగాని వదలలేదు.

బుర్ర మధ్యాహ్నానికే అయిపోయింది. ఆయనకు పెదవులు తడిపినవే ఎక్కువ. నాకు పాలు ఇంకిపోయాయి. పిల్లవాడు చప్పరించి చప్పరించి, రాక, ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేశాడు.  ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఉంది. రెండో చేతి వేలు ఆయన ముక్కు దగ్గర పెట్టాను. అక్కడా ఉంది.

"నీళ్లు ఇప్పించండమ్మా, బిడ్డకు," అని అడిగాను.

కామమ్మ ఊళ్లోకి పోయి నిండు కడవతో వచ్చింది. నా దగ్గర ఆగలేదు. పొలిమేర రాయి దాకా నడిచి, రాయికి అవతల కడవ దించింది. "ఆడ పెట్టినా. పోయి తాగు. కావలసినన్ని తాగు."

నేను లేచి అక్కడికి పోతే వెనక మంచం లేస్తుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మంచం మోసేవాళ్లు నీడలో కూర్చుని నా కాళ్లవైపే చూస్తున్నారు.

ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆ కాస్త తడీ పోతుందని ఊరుకున్నాను. కడవనే చూస్తూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. వీళ్లకు మా ఆయన మీద పగ లేదు. మేమంటే అసలు లెక్కే లేదు. వీళ్లకు భయమల్లా ఒకటే, చావు. పడితే భయం లేదు, కాలు విరిగితే భయం లేదు, చస్తేనే.

"మునసబయ్యా!" అని పిలిచాను. "ఒక మాట విను. ఆయన్ను మీరు ఎత్తితే ఎత్తినచోటే పోతాడు. నెత్తురు చూసినావు గదా. మీ నేల మీద, మీ చేతుల్లో పోతాడు. బండి కింద పోయినాడని చెప్పను. కనమపల్లెవోళ్లు చంపినారని స్టేషనుకు నడిచిపోయి చెప్తాను. పిల్లోడి మీద ఒట్టు."

"ఏంది, బెదిరిస్తుండావా?"

"ఇంకా అయిపోలేదు. ఆయన బతికితే మీరు పైకి రాసేదేముండాది? ఏమీ లేదు. స్టేషనోళ్లు రారు, కోడి అక్కరలేదు. చస్తాడని భయపడి పారేసే బదులు బతికించుకోరాదా? నీళ్లియ్యండి, నీడ వెయ్యండి, చిందిన బియ్యంలో గంజి కాచిపొయ్యండి. ఆ బియ్యం సంగతి నేను ఎవరికీ చెప్పను."

పెంచలనరసయ్య తల్లివైపు చూశాడు. కామమ్మ చాటలో గింజలవైపు చూసుకుంది. 

"తెండ్రా, నాలుగు వాసాలు తెండి," అన్నాడు చివరికి. "ఈడనే పందిరెయ్యండి. దీని నోరు పడిపోను."

కామమ్మ రాయి దాకా మళ్లీ నడిచి కడవ తెచ్చింది. దించుతూ సగం నా కాళ్ల మీదే ఒలకబోసింది.

అట్లా ఆ ఊరు మా ఆయనకు వైద్యం మొదలుపెట్టింది. అంత ద్వేషంతో చేసిన చాకిరీ నేను ఎక్కడా చూడలేదు. గొర్రెలు కాచే వరదయ్యను పిలిపించి తొడకు కట్టు కట్టించారు. "జీవాలకైతే నేను కట్టిన కాలు మళ్లీ వంకరపోదు. మనిషికి ఎప్పుడూ కట్టలేదు. పోతే నన్ను అనబాకండి," అన్నాడు వరదయ్య వెదురుబద్దలు బిగిస్తూ. కామమ్మ రోజూ ముంతతో గంజి తెచ్చి, ఆయన తల ఒడిలో పెట్టుకొని పోసేది.

"మింగు. మింగరా నీ పాసుగూల. చావబాక. చచ్చేదుంటే కాలు వచ్చినాక దాసరిపల్లెకు పోయి చావు."

ఆయన మింగేవాడు. కొన్నాళ్లకు నెత్తురు ఆగింది. ఇంకొన్నాళ్లకు, "అవ్వా, ఈ పూట గంజి పలచన," అన్నాడు. కామమ్మ ముంత విసిరికొట్టింది. ఆ పూట నేను చాలా రోజుల తరవాత నవ్వాను. పాలు కూడా తిరిగి వచ్చాయి.

సుబ్బన్న తిరుగు బండితో వచ్చినప్పుడు, మా విరిగిన చక్రాన్ని కామమ్మ పొయ్యికిందికి ఈడ్చుకుపోతోంది. ఆ వాలులో ఎన్ని బళ్లు విరిగినా కొన్నాళ్లకే పుల్ల మిగలదట. వంటకు అన్నీ ఊళ్లోకి చేరిపోతాయి. దారి చూస్తే కడిగినట్టుంటుంది. నేను చక్రానికి ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని లాక్కున్నాం.

"నీ మొగుడు తిన్న గంజి ఏ కట్టెలతో కాగిందనుకున్నావే?"

"వేరే కట్టె ఏరుకో అవ్వా. ఇది ఇయ్యను."

సుబ్బన్న చేత దాన్ని పైకి పంపించాను. కనమ కొసకు ఇవతల, రెండు దార్లు చీలే చోట, తుమ్మచెట్టుకు నిలువుగా కట్టాడు. విరిగిన ఆకుకర్రలతో, సగం ఊడిన ఇనపపట్టాతో, దూరం నుంచే కనబడేటట్టు. బండివాళ్లు ఆగి ఇదేందని అడిగేవాళ్లు. సుబ్బన్న అందరికీ చెప్పి పెట్టాడు. ఒక్కొక్కరే బళ్లు తిప్పుకుని బొగ్గేరు ఇసుకలోకి దిగడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు కనమలో బండి చప్పుడే లేదు.

దాంతో ఓవర్సీరు వచ్చాడు.

ఆయన నేరుగా మా పందిరి దగ్గరకే వచ్చి గుర్రం ఆపాడు. ఈసారీ దిగలేదు. మా ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"బండి పడిందని రాయండయ్యా," అన్నాను, ఓవర్సీరు నోరు తెరవకముందే. "ఎర్రకనమలో బండి పడింది, మనిషి నలిగినాడు అని రాయండి."

"చచ్చినాడా?"

"ఎదురుగా ఉండాడు గదా."

"మరి ఏం రాయమంటావు? ఎద్దు చచ్చిందనా? మునసబూ, నీ ఊళ్లో ఈ నెల బండి చావులు ఎన్ని?"

"లేవు దొరా," అన్నాడు పెంచలనరసయ్య చేతులు కట్టుకుని.

"పడినోళ్లను రాయి దాటించి పారేస్తారయ్యా వీళ్లు! దాసరిపల్లె లెక్కలో జొరాలు ఎన్నో చూడండి. ఆ బొగ్గేరు దారిలో ఇసుకపల్లె మునసబు నారాయణయ్య ఒకప్పుడు శవాన్ని దాచినాడని శిక్ష పడినోడంట. అప్పట్నుంచి భయంతో కాలు బెణికినా రాస్తాడు, ఎండదెబ్బకు పోయినోణ్ణి గూడా బండి పక్కన పడి ఉంటే బండి చావనే రాస్తాడు. సుబ్బన్న చెప్పినాడు. రాసేవాడి దారి చెడ్డదీ, దాచేవాడి దారి మంచిదీనా?"

"చూడమ్మా సగం చదువూ," అన్నాడు ఓవర్సీరు. గొంతులో కోపం లేదు, గెలుపు ఉంది. "నువ్వు చెట్టుకు చక్రం కట్టించి బళ్లన్నీ బొగ్గేరుకు మళ్లించినావు. ఏమయింది? బొగ్గేరులో దెబ్బలు ముందుకంటే పెరిగినాయి. కనమలో ఒక్కటి లేదు. నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే గదా."

"బళ్లన్నీ ఆడికే పోతే దెబ్బలు ఆడ కాకుండా యాడ తగుల్తాయి? కనమలో బండే లేకపోతే ఎవరు పడతారు?"

ఆయన విననట్టే మా ఆయనవైపు తిరిగాడు. "వెంగయ్యా, బళ్లు పైన చీలిక కాడ నిలిపించినాను. రా. మొదటి బండి నువ్వు దించుతావు. నిన్ను చూసి మిగతావాళ్లు దిగుతారు. పడి గూడా చావలేదు నువ్వు! ఆ వాలు ఎంత మంచిదో చెప్పేదానికి నీకంటే సాక్ష్యం ఎవర్రా?"

మా ఆయన తల ఊపాడు. నేను నమ్మలేకపోయాను. "ఏమయ్యా, పోతావా?"

"పనిచ్చేది ఆయన. మనకు వేరే ఏముండాది?" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. తలారి తెచ్చిన ఖాళీబండిలో ఆయన్ను ఎక్కించుకుని పైకి పోయారు. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని వెనకే ఆ వాలు ఎక్కాను. మలుపు దగ్గర ఇంకా నాలుగు బియ్యపు గింజలు మెరుస్తున్నాయి.

చీలిక దగ్గర బళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చెట్టుకు మా చక్రం. సుబ్బన్న బండిని ముందుకు తెచ్చి పెట్టారు. మా ఆయన కర్ర చెట్టుకు ఆనించి, నొగల మీదికి ఎక్కబోయి, కాలు లేవక ఆగాడు. ఎవరో చెయ్యందించారు. ఎక్కి పగ్గాలు పట్టుకున్నాడు.  సుబ్బన్న తల వంచుకుని చక్రానికి మోకు కడుతున్నాడు.

ఎడ్లకు ఎదురుగా పోయి నిలబడ్డాను.

"తప్పుకో," అన్నాడు ఓవర్సీరు.

"తప్పుకుంటా. మీరు బండెక్కండి."

"ఏందీ?"

"కనమలో ఎవరూ చావలేదు గదయ్యా. మీ లెక్కే గదా. ఎక్కి మూటల మీద కూర్చోండి. ఆయన తోల్తాడు. మీరు కిందికి చేరినారంటే ఈ చక్రం నేనే విప్పి కామమ్మ పొయ్యిలో పెడతా."

బండివాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. 

"నాకు గుర్రం ఉండాది," అన్నాడు ఓవర్సీరు.

"గుర్రాన్ని నేను పట్టుకొస్తాలే దొరా, భద్రంగా," అన్నాడు సుబ్బన్న వంగినచోటు నుంచే.

ఓవర్సీరు వాలువైపు చూశాడు. గులకరాళ్ల వైపు, మలుపు వైపు. తరవాత చెట్టుకున్న చక్రం వైపు చూశాడు. కళ్లెం చేతిలో ఒకసారి బిగించి, ఒకసారి వదిలాడు. మూటల మీద చోటు ఖాళీగానే ఉంది.

"మూటల మీద కూర్చునేదానికా నాకు సర్కారు జీతమిచ్చేది?" అన్నాడు. ఎవరో వెనకనించి ఫక్కున నవ్వారు. ఒకరి తరవాత ఒకరికి ఆ నవ్వు పాకింది. సుబ్బన్న లేచి, కట్టిన మోకు విప్పేశాడు. మా ఆయన్ను చంకలో చెయ్యివేసి దించి, బండి బొగ్గేరు వైపు తిప్పాడు. వెనక బళ్లు కూడా తిరిగాయి.

"వెంగయ్యా, ఇంక కొట్టు గుమ్మం తొక్కబాక," అని అరిచాడు ఓవర్సీరు. "నీ ఇంటిదాన్నే అడుగు కూలి." గుర్రాన్ని తిప్పుకుని తనూ బొగ్గేరు దారినే పోయాడు.

మేము వాలు దిగాం. నడిచి, మెల్లిగా. ఆయన కర్ర ముందు పెట్టి, కాలు ఈడ్చి, ఆగి, మళ్లీ కర్ర పెట్టి. 

"పని పోగొట్టినావు," అన్నాడు మలుపు దాటాక.

"పోగొట్టినాను."

"ఇంక ఏం తింటాం?"

 ఉదయగిరిలో మేము కూడా గంజితొట్టి ముందు కూర్చోవాలేమో. పిల్లవాడు భుజం మీద నిద్రపోతున్నాడు. అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఆయన చూశాడు. ఈసారి ఏమీ అనలేదు.

ఆ నెల కూడా పెంచలనరసయ్య ఎర్రకనమలో బండి చావులు లేవనే పంపి ఉంటాడు. ఆ ఒక్క నెలకు అబద్ధం రాయవలసిన పని ఆయనకు పడలేదు.

పందిరి దగ్గర మా గుడ్డలమూట తీసుకుంటుంటే కామమ్మ ఎదురుగా నిలబడి చూస్తోంది. "చక్రం తేలేదా?"

"తేలేదు."

"నీ మొగుడు బతికినాడు గదా. ఇంక నీకెందుకది?"

"అది ఆడనే ఉంటుంది అవ్వా. నువ్వు పోయి విప్పినావంటే మళ్లీ బళ్లొస్తాయి. పందిళ్లు వేసుకుంటా కూర్చో."

ఆమె ఏదో తిట్టింది, నాకు సరిగా వినబడలేదు. కానీ మా వెనకే వచ్చింది. ఊరు దాటి, పొలిమేర రాయి దాకా, మా ఆయన వేసే ప్రతి అడుగూ చూస్తూ, ఆయన తూలినప్పుడల్లా చెయ్యి సగం చాపుతూ. ఆయన రాయి దగ్గర ఆగి, కుంటికాలు ఎత్తి అవతల పెట్టాడు. కర్ర కూడా అవతలికి పోయింది.

కామమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

"పోయినావా? ఇంక యాడన్నా చావు," అంది.